ఆకాశానికి అడంగల్
(పరారుణ టెలిస్కోపులు గెలాక్సీలను సర్వే చేసిన చరిత్ర)

పెన్షనర్ల దినం ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి వ్రాయవలసిందిగా మన సంపాదకవర్గం వారు కోరినప్పుడు, నేను ఏ కొండవీటి కోట గురించో, ఏ బకింగ్‌హాం కాలువ గురించో వ్రాస్తానని వారు అనుకుని ఉంటారు. అవి వ్రాయడానికి నాకంటే తెలిసినవారు మన సంఘంలోనే ఉన్నారు. నా సర్వీసులో ఎక్కువ భాగం అడంగళ్లు, ఎఫ్.ఎం.బి. పటాలు, జమాబందీ లెక్కల మధ్య గడిచింది. ఏ ఊళ్లో ఏ సర్వే నంబరు విస్తీర్ణం ఎంతో, దాని హద్దులేమిటో, ఎవరి పేరున ఉన్నదో కాగితం మీద పెట్టడమే నా ఉద్యోగం. కనుక నాకు తెలిసిన సర్వే గురించే వ్రాస్తున్నాను. కాకపోతే ఈ సర్వే జరిగింది పొలాల్లో కాదు, ఆకాశంలో. లెక్కకెక్కినవి ఎకరాలు, సెంట్లు కాదు, గెలాక్సీలు. మన సూర్యుడి వంటి నక్షత్రాలు కోట్ల కొలది గుంపుగా ఉంటే దానిని గెలాక్సీ అంటారు. మనం ఉన్నది పాలపుంత అనే గెలాక్సీలో.

2022 జూలైలో జేమ్స్ వెబ్ టెలిస్కోపు తీసిన మొదటి ఫోటో పత్రికల్లో వచ్చింది. మీలో చాలామంది చూసే ఉంటారు. చేయి చాచి పట్టుకున్న ఇసుక రేణువు ఆకాశంలో ఎంత చోటు కప్పుతుందో అంత చోటులో వేల గెలాక్సీలు. ఆ ఫోటో చూసి మా ఇంట్లో పిల్లలు "తాతయ్యా, ఇది నిజం ఫోటోయేనా, కంప్యూటర్లో గీసిందా?" అని అడిగారు. నాకు జవాబు తెలియలేదు. తెలియనిదానికి తెలిసినట్టు జవాబు చెప్పకూడదని సర్వీసులో ఒకసారి గట్టి దెబ్బ తిని నేర్చుకున్నవాణ్ణి. ఆ దెబ్బ సంగతి తరువాత చెబుతాను. ముందు చదవడం మొదలుపెట్టాను.

చదివితే ఈ కథ 200 ఏళ్ల వెనక్కి వెళ్లింది. అక్కడ నాకు మొదట తారసపడిన మనిషి శాస్త్రజ్ఞుడు కాదు. ఒక గుమాస్తా. ఆమె పేరు కరోలిన్ హెర్షెల్.

కరోలిన్ అన్నగారు విలియం హెర్షెల్. జర్మనీ నుంచి ఇంగ్లండుకు వచ్చి సంగీతం చెప్పుకుని బ్రతికినవాడు. ఆకాశం మీద పిచ్చితో తన టెలిస్కోపులు తానే తయారు చేసుకున్నాడు. 1781లో యురేనస్ గ్రహాన్ని కనిపెట్టి రాజుగారి కొలువు సంపాదించాడు. 1783 నుంచి ఆకాశాన్ని వరుసగా జల్లెడ పట్టడం మొదలుపెట్టాడు. అన్న టెలిస్కోపు దగ్గర నిలబడి చూసినది చూసినట్టు కేక వేసి చెబుతుంటే, చెల్లెలు దీపం ముందు కూర్చుని గడియారం చూసి, స్థానం లెక్కించి వ్రాసుకునేది. తెల్లవారాక సాఫు ప్రతి తీసేది. టైఫస్ జ్వరం వల్ల చిన్ననాడే ఎదుగుదల ఆగిపోయి, నాలుగడుగుల పైన మూడు నాలుగు అంగుళాల ఎత్తు మాత్రమే ఉన్న మనిషి. 1783 డిసెంబరు 31 రాత్రి మంచులో పరుగెత్తబోయి జారి, టెలిస్కోపు యంత్రానికి ఉన్న ఇనుప కొక్కెం తొడలో దిగింది. మళ్లీ లేచి పనికి వచ్చింది.

1787లో ఇంగ్లండు రాజు మూడవ జార్జి ఆమెకు ఏటికి 50 పౌండ్లు జీతం మంజూరు చేశాడు. శాస్త్ర పరిశోధనకు గాను జీతం పుచ్చుకున్న మొదటి స్త్రీలలో ఈమె ఒకతె. ఆ అన్నాచెల్లెళ్లు 1786, 1789, 1802 సంవత్సరాల్లో ప్రకటించిన మూడు జాబితాల్లో మొత్తం 2,500 మబ్బు తునకల వంటి వస్తువులు, నక్షత్ర గుంపులు నమోదైనాయి. వాటిలో చాలా భాగం గెలాక్సీలేనని అప్పట్లో ఎవరికీ తెలియదు. తెలియకపోయినా వారు వదలిపెట్టలేదు. ఉన్నది ఉన్నట్టు, ఎక్కడ ఉన్నదో అక్కడ నమోదు చేశారు. అన్న చనిపోయాక ఆమె స్వదేశం వెళ్లిపోయి, ఆ 2,500 నమోదులను వరుస మార్చి, మేనల్లుడు జాన్ హెర్షెల్ తిరిగి పరిశీలించడానికి వీలుగా కొత్త రిజిస్టరు తయారు చేసి పంపింది. అందుకు 1828లో లండన్ ఖగోళ సంఘం వారు బంగారు పతకం ఇచ్చారు. అప్పటికి ఆమె వయసు 77, 78. 97 ఏళ్లు బ్రతికి 1848లో మరణించింది. రికార్డు గదుల్లో దుమ్ము పీల్చిన మనబోటివాళ్లం ఈమె ఫోటో ఒకటి మన సంఘం కార్యాలయంలో పెట్టుకోవచ్చునని నా అభిప్రాయం. సభ్యులు ఆలోచించగలరు.

పరారుణ కిరణాలను కనిపెట్టింది కూడా ఆ అన్నగారే. 1800వ సంవత్సరంలో సూర్యకాంతిని గాజు పట్టకం గుండా పోనిచ్చి, విడిపోయిన రంగుల్లో ఏ రంగులో ఎంత వేడి ఉన్నదో చూడడానికి థర్మామీటర్లు పెట్టాడు. ఊదా నుంచి ఎరుపు వైపు పోయిన కొద్దీ వేడి పెరిగింది. ఎరుపు దాటాక, కంటికి ఏ వెలుగూ కనబడనిచోట పెట్టిన థర్మామీటరు అన్నిటికంటే ఎక్కువ వేడి చూపించింది. అంటే కంటికి కనబడని వెలుగు ఒకటి అక్కడ ఉన్నదన్నమాట. అప్పటికి ఆయనకు 61 ఏళ్లు. మన లెక్కన రిటైరైన మనిషి.

గెలాక్సీల సర్వే, పరారుణ కాంతి ఈ రెండూ ఒకే ఇంట్లో పుట్టినా, రెండూ కలవడానికి దాదాపు 180 ఏళ్లు పట్టింది. ఈ నడిమి కాలాన్ని త్వరగా దాటుతాను. 1888లో డ్రేయర్ అనే ఆయన హెర్షెల్ కుటుంబం వారి జాబితాలు, ఇతరులవి కలిపి 7,840 వస్తువుల జాబితా చేశాడు. దాని నంబర్లే ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి. అమెరికాలో స్లైఫర్, హబుల్ అనేవారి పరిశీలనల వల్ల ఆ మబ్బు తునకల్లో చాలా భాగం వేరే గెలాక్సీలని, అవి మననుంచి దూరంగా జరుగుతున్నాయని 1912కు, 1929కి మధ్య కాలంలో తేలింది.

ఇక్కడ మన హైదరాబాదు ప్రసక్తి ఒకటి తప్పకుండా చెప్పాలి. 1887లో పారిస్‌లో జరిగిన సభలో ఆకాశమంతా ఫోటోలు తీసి నక్షత్రాల జాబితా తయారు చెయ్యాలని దేశదేశాల వారు నిర్ణయించి, ఆకాశాన్ని పట్టీలుగా పంచుకున్నారు. మన ఊళ్లు ఫిర్కాలుగా పంచుకున్నట్టే. నిజాం ప్రభుత్వపు నిజామియా అబ్జర్వేటరీకి దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల మధ్య పట్టీ వచ్చింది. బేగంపేటలో ఫోటో ప్లేట్లు తీసి, వాటి మీద ఒక్కొక్క చుక్కనూ కొలిచి రిజిస్టర్ల కెక్కించారు. తరువాత ఉత్తరాన 36 నుంచి 39 డిగ్రీల పట్టీలో కొంత భాగం కూడా వీరే చేశారు. లక్షల నక్షత్రాలు నమోదైన సంపుటాలు అచ్చయినాయి. అవి నక్షత్రాలే కాని గెలాక్సీలు కావు. అయినా ఆకాశపు సర్వే మన తెలుగు నేలకు కొత్త కాదని తెలిస్తే మన పిల్లలకు ఉత్సాహంగా ఉంటుంది.

ఇక అసలు విషయానికి వద్దాం. దూరపు గెలాక్సీలకు పరారుణ కాంతే ఎందుకు కావాలి? దీనికి నాకు దొరికిన ఉపమానం లాగుల్లో వేసే రబ్బరు నాడా. నాడా మీద వేలెడు దూరంలో గీతలు గీసి రెండు కొసలూ పట్టి సాగదీస్తే, గీతల మధ్య దూరం పెరుగుతుంది. వెలుగు కూడా అలలుగా ప్రయాణం చేస్తుంది. విశ్వం సాగుతున్నది కనుక, దారిలో ఉన్న వెలుగు అలలు కూడా సాగుతాయి. సాగిన కొద్దీ నీలం కాస్తా ఎరుపు వైపు జరుగుతుంది. ఇంకా సాగితే ఎరుపు దాటి పరారుణంలోకి పోతుంది. ఎంత దూరపు గెలాక్సీ అయితే అంత సాగుడు. విశ్వం వయసు సుమారు 1,380 కోట్ల సంవత్సరాలు. అది పుట్టిన 30, 40 కోట్ల ఏళ్లకు బయలుదేరిన వెలుగు మనను చేరేసరికి పదకొండు, పన్నెండు రెట్లకు పైగా సాగి ఉంటుంది. అది మన కళ్లకు ఆనదు. హెర్షెల్ థర్మామీటరు పెట్టిన చీకటి చోటులోనే దానిని వెతకాలి.

కాని నేల మీద నుంచి వెతకడం కష్టం. గాలిలోని నీటి ఆవిరి పరారుణ కాంతిని చాలావరకు మింగేస్తుంది. పైగా వేడి ఉన్న ప్రతి వస్తువూ, గాలితో సహా, టెలిస్కోపుతో సహా, పరారుణ కాంతిని వెదజల్లుతూ ఉంటుంది. ఇటుక బట్టీ లోపల కూర్చుని, అవతలి ఊళ్లో ఎవరో బీడీ వెలిగిస్తే చూడబోయినట్టు ఉంటుంది వ్యవహారం. కనుక టెలిస్కోపును ఆకాశంలోకి పంపాలి, దానిని గడ్డకట్టేంత చల్లగా ఉంచాలి.

అలా పంపిన మొదటి సర్వేయరు ఐరాస్. అమెరికా, నెదర్లాండ్స్, బ్రిటన్ దేశాలు కలిసి 1983 జనవరి 25న పంపాయి. మన నకారా తీర్పు వచ్చింది 1982 డిసెంబరు 17న. ఆ తీర్పు వచ్చి నెలా పది రోజులు తిరగకముందే ఐరాస్ పైకి వెళ్లిందన్నమాట. అద్దం అడ్డకొలత 57 సెంటీమీటర్లు మాత్రమే. దాని చుట్టూ ద్రవ హీలియం. వీధుల్లో పుల్ల ఐసు అమ్మేవాడి డబ్బాలో ఐసు కరిగేదాకానే వ్యాపారం ఉన్నట్టు, హీలియం ఆవిరయ్యేదాకానే దాని ఉద్యోగం. పది నెలలకు, 1983 నవంబరులో హీలియం అయిపోయింది. ఆ పది నెలల్లోనే అది ఆకాశంలో 96 శాతం చూసి, సుమారు రెండున్నర లక్షల పరారుణ వస్తువులను నమోదు చేసింది. వాటిలో వేల గెలాక్సీలు ఉన్నాయి. కంటికి మసక చుక్కల్లా ఉన్న కొన్ని గెలాక్సీలు పరారుణంలో మన పాలపుంత కంటే వంద రెట్లు వెలుగుతున్నాయని తెలిసి అందరూ ఆశ్చర్యపోయారు. అక్కడ కొత్త నక్షత్రాలు జోరుగా పుడుతున్నాయి. ధూళి ఆ వెలుగును కప్పేసి, తాను వేడెక్కి, ఆ వేడిని పరారుణంగా బయటికి వదులుతున్నది.

తరువాత 1995లో ఐరోపా వారు ఐసో అనే టెలిస్కోపును పంపారు. దానిని అంతటితో వదిలి, అదే ఏడాది డిసెంబరులో జరిగిన ఒక సాహసం గురించి వివరంగా చెప్పాలి. అది జరిగింది ప్రధానంగా కంటికి కనబడే వెలుగులోనే. అయినా ఈనాటి సర్వేలన్నిటికీ దారి వేసింది అదే.

హబుల్ టెలిస్కోపు 1990లో పైకి వెళ్లింది. వెళ్లాక చూస్తే అద్దం తప్పుగా సానపట్టారని తేలింది. ప్రపంచమంతా నవ్వింది. 1993 డిసెంబరులో వ్యోమగాములు వెళ్లి బాగు చేసి వచ్చారు. ఆ టెలిస్కోపు పనిని నడిపే సంస్థకు అప్పటి డైరెక్టరు రాబర్ట్ విలియమ్స్. డైరెక్టరు విచక్షణాధికారం కింద ఆయన చేతిలో కొంత సమయం ఉండేది. ఆ సమయాన్ని ఆయన ఏమీ లేని ఖాళీ చోటు ఒకటి చూడడానికి వాడతానన్నాడు. జాన్ బహ్‌కాల్ వంటి పెద్దలు వద్దన్నారు. అంతకు అయిదేళ్ల ముందే, హబుల్ అంత లోతుకు చూసినా కొత్తగా పెద్దగా ఏమీ కనబడదని బహ్‌కాల్ లెక్కలు కట్టి ప్రకటించి ఉన్నాడు. ఒక్కసారి పరువు పోయి కోలుకున్న సంస్థ, పది రోజుల అమూల్యమైన సమయం ఖాళీ చోటు మీద ఖర్చు పెట్టి ఏమీ దొరకలేదంటే ఏమి జవాబు చెప్పుకోవాలి? మన ఆఫీసుల్లో అయితే ఆ ఫైలు ఆరు బల్లలు తిరిగి "ప్రతిపాదన పరిశీలించబడినది, అంగీకరించబడలేదు" అని తిరిగి వచ్చేది.

విలియమ్స్ మాత్రం ఆగలేదు. 1995 డిసెంబరు 18న, అంటే మన పెన్షనర్ల దినం మరునాడు, హబుల్ సప్తర్షి మండలం దగ్గరి ఒక చిన్న చోటు వైపు తిరిగింది. వంద మీటర్ల దూరాన పెట్టిన టెన్నిస్ బంతి ఎంత కనబడుతుందో ఆ చోటు అంతే. డిసెంబరు 28 వరకు పది రోజులు 342 ఫోటోలు తీసింది. అవన్నీ కలిపి చూస్తే ఆ ఖాళీ చోటులో సుమారు 3,000 గెలాక్సీలు ఉన్నాయి. విలియమ్స్ ఇంకొక మంచి పని కూడా చేశాడు. ఆ ఫోటోలను తన దగ్గర దాచుకోకుండా వెంటనే అందరికీ విడుదల చేశాడు. రికార్డు అందరిదీ అన్న ఈ సంప్రదాయం అక్కడి నుంచి బలపడింది. దాని ఫలం మన దేశానికి ఎలా అందిందో చివర చెబుతాను.

ఆ తరువాత వరుసగా వచ్చాయి. 2003 ఆగస్టు 25న స్పిట్జర్ అనే పరారుణ టెలిస్కోపు వెళ్లింది. 2004లో హబుల్ మరింత లోతైన చిత్రంలో సుమారు 10,000 గెలాక్సీలు చూపించింది. 2009 మే నెల పరారుణానికి మంచి నెల. హబుల్‌కు వ్యోమగాములు కొత్త పరారుణ కెమెరా అమర్చారు. మే 14న ఐరోపా వారు మూడున్నర మీటర్ల అద్దంతో ఒక టెలిస్కోపును పంపి దానికి హెర్షెల్ అని పేరు పెట్టారు. 2010 నుంచి 2013 వరకు హబుల్ 900కు పైగా ప్రదక్షిణల సమయాన్ని క్యాండెల్స్ అనే ఒకే ఒక సర్వేకు కేటాయించారు. 2016లో హబుల్, స్పిట్జర్ రెండూ కలిసి, విశ్వం పుట్టిన సుమారు 40 కోట్ల ఏళ్లకే ఉన్న గెలాక్సీని పట్టుకున్నాయి. అప్పటికి అదే రికార్డు. హబుల్‌కు అంతకు మించి చూసే శక్తి లేదు. అది పరారుణంలో కొంత దూరమే చూడగలదు.

జేమ్స్ వెబ్ కథ మన పెన్షనర్లకు చప్పున అర్థమవుతుంది. 2007లో పంపాలని మొదట అనుకున్నారు. చివరికి వెళ్లింది 2021 డిసెంబరు 25న. బకాయిల కోసం ఎదురు చూసి చూసి జుట్టు నెరిసిన మనకు ఈ 14 ఏళ్ల ఆలస్యం వింతేమీ కాదు. ఖర్చు పెరిగి పెరిగి సుమారు వెయ్యి కోట్ల డాలర్లకు చేరింది. 2011లో అమెరికా ప్రతినిధుల సభ కమిటీ ఒకటి దీనిని రద్దు చెయ్యాలని కూడా ప్రతిపాదించింది. రద్దు కాలేదు.

వెబ్‌కు బంగారు పూత పూసిన 18 పలకల అద్దం, మొత్తం ఆరున్నర మీటర్ల వెడల్పు. భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. ఎండ తగలకుండా టెన్నిస్ కోర్టంత అయిదు పొరల గొడుగు. గొడుగుకు ఎండ వైపు కాగే నీళ్లంత వేడికి దగ్గర, నీడ వైపు సున్నాకు 230 డిగ్రీల కింద చలి. అద్దాన్నీ గొడుగునూ మడతపెట్టి రాకెట్టులో పంపి, పైన విప్పుకున్నారు. ఎక్కడ ఇరుక్కున్నా వెళ్లి బాగు చేసే వీలు లేదు. హబుల్ అంటే దగ్గరలో ఉండబట్టి మెకానిక్కులు వెళ్లగలిగారు.

ఇప్పుడు మా పిల్లల ప్రశ్నకు జవాబు. ఆ ఫోటో నిజమే, రంగులు మాత్రం పెట్టినవి. వెబ్ ఒకే చోటును ఏడెనిమిది వడపోతల్లో విడివిడిగా ఫోటోలు తీస్తుంది. ఒక్కొక్క వడపోత పరారుణంలో ఒక్కొక్క ముక్కనే లోపలికి పోనిస్తుంది. అవన్నీ నలుపు తెలుపులే. మన కంటికి కనబడడం కోసం పొట్టి అలల దానికి నీలం, పొడుగు అలల దానికి ఎరుపు వేసి కలుపుతారు. అడంగల్‌లో మాగాణికి ఒక గుర్తు, మెట్టకు ఒక గుర్తు వేసినట్టే. గుర్తు మనది, పొలం నిజం.

ఈ వడపోతల వల్ల ఇంకొక ప్రయోజనం ఉన్నది. తొలినాటి విశ్వంలో నిండి ఉన్న హైడ్రోజన్ వాయువు, గెలాక్సీ నుంచి వచ్చే కాంతిలో ఒక హద్దుకు ఇవతలి పొట్టి అలలన్నిటినీ మింగేస్తుంది. కనుక దూరపు గెలాక్సీ మొదటి రెండు మూడు వడపోతల్లో అసలు కనబడదు, ఆ తరువాతి దానిలో హఠాత్తుగా ప్రత్యక్షమవుతుంది. ఏ వడపోత దగ్గర ప్రత్యక్షమైందో చూసి వెలుగు ఎంత సాగిందో, దూరం ఎంతో అంచనా కడతారు. ఇది తేలిక పద్ధతి, ఒక్క ఫోటోల వరుసతో వేల గెలాక్సీలకు ఒకేసారి దూరం కట్టవచ్చు. కాని ఇది గట్టు మీద నిలబడి చేను ఇంత ఉంటుందని చెప్పే కంటి అంచనా. గొలుసు వేసి కొలవాలంటే ఆ గెలాక్సీ వెలుగును విడగొట్టి, హైడ్రోజన్, ఆక్సిజన్ వంటి మూలకాల గీతలు ఎక్కడికి జరిగినాయో చూడాలి. అందుకు వెబ్‌లో సుమారు రెండున్నర లక్షల అతి చిన్న కిటికీ తలుపులు ఉన్నాయి. కావలసిన గెలాక్సీల ఎదుట ఉన్నవి మాత్రం తెరిచి మిగతావి మూసి, వందకు పైగా గెలాక్సీలను ఒకేసారి కొలుస్తారు.

2022 వేసవిలో వెబ్ మొదటి సర్వేల ఫోటోలు విడుదలైనాయో లేదో, పోటీలు పడి పత్రాలు వ్రాశారు. సీర్స్ అనే సర్వేలో రెండు గెలాక్సీలు పేరు పొందాయి. ఒకటి టెక్సాస్ విశ్వవిద్యాలయానికి చెందిన ఫింకెల్‌స్టైన్ బృందం కనిపెట్టినది. ఆ రోజు ఆయన కూతురు మేసీ పుట్టినరోజు కనుక దానిని మేసీ గెలాక్సీ అన్నారు. రెండవ దానికి పేరు లేదు, 93316 అనే నంబరే. దానిని ఎడిన్‌బరో వారు గుర్తించి, వెలుగు సాగుడు అంచనా కట్టి, విశ్వం పుట్టిన సుమారు 24 కోట్ల ఏళ్లకే ఉన్నదని చెప్పారు. అదే నిజమైతే అంతవరకు చూసిన వాటన్నిటికంటే దూరమైనది. అంత తొందరగా అంత వెలుగు గల గెలాక్సీ ఎలా తయారైందో సిద్ధాంతాలకు అందలేదు. విశ్వం పుట్టుక లెక్కలే తప్పేమోనన్నంత దాకా కొన్ని పత్రికలు వ్రాశాయి.

2023లో గొలుసు వేశారు. ఒకే విడత కొలతలో రెండింటి సంగతీ తేలింది. మేసీ గెలాక్సీ నిలబడింది. అది విశ్వం పుట్టిన సుమారు 39 కోట్ల ఏళ్ల నాటిది. 93316 మాత్రం విశ్వం పుట్టిన 120 కోట్ల ఏళ్ల నాటిది, అంటే చెప్పిన దానికంటే చాలా దగ్గరిది. దానిలోని హైడ్రోజన్, ఆక్సిజన్ గీతలు గట్టిగా వెలుగుతూ, సరిగ్గా కొన్ని వడపోతల్లో పడి, దూరపు గెలాక్సీలా వేషం కట్టాయి. కంటి అంచనా మోసపోయింది. కొలత వేసినవారు ఆ విషయాన్ని రెండవ పేరాలో దాచలేదు. మేసీది నిలబడిందని, 93316ది నిలబడలేదని ఒకే పత్రంలో పక్కపక్కనే ప్రకటించారు.

ఇది చదివిన రోజు రాత్రి నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. 1970ల చివర, నేను ఎల్.డి.సి.గా ఉన్న రోజుల్లో, ఒక గ్రామపు పాత రిజిస్టరును సాఫు ప్రతి తీస్తున్నాను. ఒక సర్వే నంబరు ఎదుట విస్తీర్ణం గడి చెదలు తినేసింది. సర్వేయరుకు వ్రాసి కొలిపించాలి. అందుకు నెలలు పడుతుంది, పైవారేమో ఆ నెలాఖరుకు కావాలంటున్నారు. చుట్టుపక్కల నంబర్ల విస్తీర్ణాలు చూసి, మిగులు కూడి, అందాజున ఒక అంకె వేశాను. అందాజని ఎక్కడా వ్రాయలేదు. నల్ల సిరాతో, మిగతా అంకెల్లాగే, గుండ్రంగా వ్రాశాను. కొన్నేళ్లకు ఆ రైతు కూతురి పెళ్లికి భూమి అమ్మబోతే కొన్నవాడు కొలిపించాడు. 63 సెంట్లు తక్కువ వచ్చింది. బేరం పోయింది, పక్కచేని వాడితో తగాదా వచ్చింది, నాలుగేళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగాడు. చివరికి సర్వేయరు కొలిచి ఇచ్చిన అంకెను నేనే ఎర్ర సిరాతో దిద్ది పొట్టి సంతకం చేశాను. తప్పు నాదని అప్పుడు ఆ రైతుకు చెప్పాను. ఆయన కోప్పడలేదు. "తెలీదని ఖాళీగా వదిలేసినా నేనే కొలిపించుకుందును గదా బాబూ" అన్నాడు. ఆ పెళ్లి ఏమైందని అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

గెలాక్సీల జాబితాల్లో దూరం వ్రాసే గడి పక్కన ఇది అంచనాయా, కొలతా అని చెప్పే గడి వేరుగా ఉంటుంది. అంచనా అయితే ఎంత అటూఇటుగా ఉండవచ్చునో కూడా వ్రాస్తారు. ఎంతో చిన్న సంగతి. ఆ రిజిస్టరులో నేను వెయ్యని గడి అదే.

తరువాతి సంగతులు. జేడ్స్ అనే సర్వే వెబ్ సమయం 770 గంటలకు పైగా తీసుకుని లోతుకు వెళ్లింది. 2024లో ఆ సర్వేలో విశ్వం పుట్టిన సుమారు 29 కోట్ల ఏళ్ల నాటి గెలాక్సీ గొలుసు కొలతతో సహా నిర్ధారణ అయింది. 2025లో మరొక బృందం సుమారు 28 కోట్ల ఏళ్ల నాటిదానిని ప్రకటించింది. అంటే 93316 విషయంలో లెక్క తప్పినా, తొలినాళ్లలో వెలుగు గల గెలాక్సీలు అనుకున్నదానికంటే ఎక్కువ ఉన్నాయన్న మాట తప్పు కాలేదు. ఎందుకు ఎక్కువ ఉన్నాయన్నది 2025 నాటికి కూడా వాదనలోనే ఉన్నది. చిన్న ఎర్ర చుక్కలని పేరు పెట్టిన వింత వస్తువులు కూడా వందల కొద్దీ కనబడ్డాయి. అవి గెలాక్సీలో, కృష్ణబిలాలు మింగుతున్న వాయువు వెలుగో అన్న తగాదా కూడా నడుస్తున్నది.

లోతు కాక వెడల్పు చూసిన సర్వే కాస్మాస్ వెబ్. సుమారు మూడు పున్నమి చంద్రుళ్లంత చోటును 255 గంటలు చూసి, దాదాపు 8 లక్షల గెలాక్సీల జాబితాను 2025 జూన్‌లో ప్రపంచానికంతటికీ ఉచితంగా విడుదల చేసింది. ఐరోపా వారి యూక్లిడ్ టెలిస్కోపు 2023 జూలై 1న వెళ్లింది. ఆకాశంలో మూడవ వంతు కొలవడం దాని పని. 2025 మార్చిలో ఇచ్చిన తొలి విడతలోనే 2 కోట్ల 60 లక్షల గెలాక్సీలు చూపించింది. కరోలిన్ చేత్తో వ్రాసిన 2,500 ఎక్కడ, ఇది ఎక్కడ!

ముందు చెప్పినట్టు, రికార్డు అందరికీ తెరిచి ఉంచడం వల్ల మన దేశానికి అందిన ఫలం ఇది. పుణేలోని రేడియో ఖగోళ కేంద్రానికి చెందిన రాశి జైన్, యోగేశ్ వాడదేకర్ అనేవారు వెబ్ ఫోటోల్లో వెతికి, విశ్వం పుట్టిన 150 కోట్ల ఏళ్లకే చక్కని రెండు సుడులతో ఏర్పడిన గెలాక్సీని కనుగొని 2025లో ప్రకటించారు. అంత తొందరగా అంత తీరైన సుడులు ఏర్పడవని అంతవరకు అనుకునేవారు. దానికి అలకనంద అని పేరు పెట్టారు. మన పాలపుంతకు మందాకిని అని పేరు, హిమాలయాల్లో మందాకినికి తోబుట్టువు వంటి నది అలకనంద. టెలిస్కోపు మనది కాదు, ఫోటో మనవారు తీసింది కాదు. రికార్డు గది తలుపు తెరిచి ఉండబట్టి, ఓపికగా వెతికినవారికి దొరికింది.

పెన్షనర్ల సంచిక కనుక రిటైరైన టెలిస్కోపుల సంగతి కూడా చెప్పి ముగిస్తాను. హెర్షెల్‌కు హీలియం 2013 ఏప్రిల్ 29న అయిపోయింది. స్పిట్జర్‌కు 2009లోనే అయిపోయినా, రెండు కెమెరా భాగాలు పని చేస్తుంటే వాటితోనే మరి పదేళ్లకు పైగా నడిపి, 2020 జనవరి 30న ఆపేశారు. అది సూర్యుడి చుట్టూ తిరుగుతున్నది. దానికి ఒక్కరోజు ముందు, 2020 జనవరి 29న, అందరూ మరచిపోయిన ఐరాస్ పేరు మళ్లీ పేపర్లకెక్కింది. 1967లో పంపిన మరొక పనికిరాని ఉపగ్రహంతో అది అమెరికాలోని పిట్స్‌బర్గ్ నగరం పైన 900 కిలోమీటర్ల ఎత్తున ఢీకొనవచ్చునని భయపడ్డారు. రెండూ తప్పుకుని పోయాయి. పది నెలల ఉద్యోగం చేసిన ఆ ఐరాస్ నలభై ఏళ్లు దాటినా ధ్రువాల మీదుగా భూమిని చుడుతూనే ఉన్నది. సుమారు 103 నిమిషాలకు ఒక చుట్టు. భూమి కింద తిరుగుతుంటుంది కనుక మన ఊళ్ల మీదుగా కూడా వెళుతుంటుంది. హీలియం లేదు, కన్ను మూసుకుపోయింది. అది వ్రాసి ఇచ్చిన రెండున్నర లక్షల నమోదులను మాత్రం ఖగోళ శాస్త్రజ్ఞులు ఇప్పటికీ తెరిచి చూసుకుంటున్నారు.